డేటా సైన్స్ వచ్చు సరే.. పేడ వాసన పడుతుందా?

‘కోర్‌లో జాబ్స్ లేవు’ అంటూ డేటా సైన్స్ కోర్సుల్లో చేరుతున్న కెమికల్, బయోటెక్, ఇన్‌స్ట్రుమెంటేషన్ మిత్రులారా! మీ రెండు చదువులూ కలిసే చోటు ఒకటుంది. కాస్త పేడ వాసన వస్తుంది, అంతే.

పేడ, కోళ్ల పెంట, వరిగడ్డి వేసి గ్యాస్ తీసే డైజెస్టర్ ఆవు పొట్టలాంటిది. మేత ఒక్కసారిగా మార్చినా, ఎక్కువ పెట్టినా అజీర్తి చేస్తుంది. ఎసిటిక్, ప్రొపియోనిక్ లాంటి ఆమ్లాలు పేరుకుపోయి, మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు చతికిలపడతాయి. మళ్లీ దారిలో పడటానికి వారాలు పట్టొచ్చు. పీహెచ్ మీటరు ఉందిగా అంటారా? స్లర్రీలోని బైకార్బనేట్లు ఆమ్లాన్ని కొంతకాలం కప్పిపుచ్చుతాయి. పీహెచ్ పడిపోయేసరికే జబ్బు ముదిరిపోతుంది.

9 వేలకు పైగా బయోగ్యాస్ ప్లాంట్లున్న జర్మనీలో పరిశోధకులు ఇందుకు నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీని వాడి చూశారు. పైపుకు బిగించిన సెన్సర్, కంటికి కనిపించని 780-2500 నానోమీటర్ల కాంతిని స్లర్రీపై వేసి, తిరిగొచ్చినదాన్ని చదువుతుంది. ఆమ్లాలు, ఘనపదార్థం ఎంతున్నాయో నిమిషాల్లో అంచనా వస్తుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. సెన్సర్ ఇచ్చేది జవాబు కాదు, ఒక వంకర గీత. స్లర్రీలో ఎక్కువ భాగం నీళ్లే. అవి 1450, 1940 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగేస్తాయి. ఆ గోలలో ఆమ్లం జాడ పట్టాలంటే ఎన్నో శాంపిళ్లను ల్యాబ్‌లో కొలిచి, ఆ అంకెలతో మోడల్‌కు నేర్పాలి. మేత మారితే మళ్లీ సరిచూడాలి. జర్మనీలో మొక్కజొన్న సైలేజీ మీద నేర్చిన మోడల్‌ను తెచ్చి మన కోళ్ల పెంట మీద నమ్మేస్తే మునుగుతాం. సెన్సర్‌ను దిగుమతి చేసుకోవచ్చు. కాలిబ్రేషన్ మాత్రం ఇక్కడే, మనవాళ్లే చేయాలి.

ఇంటి గోబర్ గ్యాస్‌కు ఇదంతా దండగ. పెద్ద ప్లాంట్లకు అలా కాదు. 2018లో మొదలైన ‘సతత్’ పథకం లక్ష్యం 5,000 ప్లాంట్లు. సీఎన్‌జీ, ఇళ్ల పైపు గ్యాస్‌లో 2025-26లో 1 శాతం, 2028-29 నుంచి 5 శాతం బయోగ్యాస్ కలపాలన్నది కేంద్రం నిర్ణయం. ప్లాంటు కట్టడం ఒక ఎత్తు, ఏడాది పొడవునా పడకేయకుండా నడపడం ఇంకో ఎత్తు.

ఉద్యోగం గ్యారంటీ అని చెప్పను. కానీ ఈ సెలవుల్లో దగ్గర్లోని ప్లాంటుకు వెళ్లి, ఆమ్లాల టైట్రేషన్ చేతులతో చేసి చూడండి. పైథాన్‌లో పార్షియల్ లీస్ట్ స్క్వేర్స్ రిగ్రెషన్ నేర్చుకోండి. మోడల్ కట్టేవాళ్లు బోలెడు. బకెట్ పట్టుకుని శాంపిల్ తెచ్చి, మోడల్ కూడా కట్టేవాళ్లే తక్కువ. ఆ తక్కువమందిలో మీరుండండి.