రైల్వే ఊరు, కార్మికుని ఇల్లు

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పిస్తూ నిర్ణయం తీసుకున్నది. ఆ నిర్ణయానికి ముఖ్య కారణం ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా నివసిస్తున్న తెలుగువారే. మేము దానిని హర్షించాము, నేటికీ హర్షిస్తున్నాము. అయితే భాషకు గౌరవం దక్కిన ఆ పట్టణంలోనే, ఆ భాష మాట్లాడే కార్మికుడు పదవీ విరమణ చేసిన నాడు ఎక్కడికి పోవాలో తెలియక నిలబడుతున్నాడు. ఈ విషయం మీద రైల్వే, తపాలా ఉద్యోగులు కలసి ఆలోచించవలసిన సమయం వచ్చిందని మా అభిప్రాయం.

ఖరగ్‌పూర్ అనగానే బయటివారికి గుర్తు వచ్చేది ప్లాట్‌ఫారం. 1,072 మీటర్ల పొడవుతో చిరకాలం అది ప్రపంచంలోనే పెద్దది. 2013లో ఆ ఖ్యాతి గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్లికి పోయింది. పోతే పోయింది, ప్లాట్‌ఫారం పొడవు వల్ల ఎవరి కడుపూ నిండలేదు.

ఆ ఊరిని కట్టినది బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ. 1898-1900 ప్రాంతంలో హిజ్లీ సమీపాన ఉన్న ఎర్రమట్టి మిట్టల మీద పట్టాలు కలిశాయి, వెనువెంటనే వర్క్‌షాపు వెలసింది. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం, అంటే వాల్తేరు నుంచి కటక్ వరకు గల మార్గం, ఇదే కంపెనీ చేతికి వచ్చింది. దానితో మన శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల పేద రైతుబిడ్డలకు ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ, ఒకే పట్టా మీది ఊరయింది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, బాయిలరు పనివారుగా, గ్యాంగ్‌మన్లుగా వారు వెళ్లారు. అన్న వెళితే తమ్ముడు వెళ్లాడు, మేనల్లుడు వెళ్లాడు.

కంపెనీ ఇళ్లు కట్టించింది, నిజమే. కాని అధికారికి తోటతో బంగళా, ఆంగ్లో-ఇండియనుకు మరొక తరగతి ఇల్లు, ఖలాసీకి వరుసగదులు. వినోదశాలలు కూడా జాతిని బట్టి, హోదాను బట్టి వేరు. మనిషి చిరునామా చూసి అతని జీతం చెప్పగలిగేటట్లు కంపెనీ ఆ ఊరిని గీసింది. ఆ గీతల మధ్యనే కార్మికులు తమ ఊరిని తాము నిర్మించుకున్నారు. నింపురా, మథురాకాటి పేటలలో తెలుగు వినబడని సందు ఉండేది కాదు. గుళ్లు లేచాయి, తెలుగు బడులు లేచాయి, భజన బృందాలు, నాటక సమాజాలు పుట్టాయి. మాతా పూజకు కుండలెత్తుకుని తెలుగు స్త్రీలు వీధుల వెంట నడిస్తే బెంగాలీ, బిహారీ, ఒరియా కుటుంబాలు గుమ్మాలలో నిలబడి చూసేవి. దసరాకు రావణ దహనానికి ఊరంతా ఒక్క మైదానానికి చేరేది. జీతాల రోజు దాటగానే తపాలా కార్యాలయాలలో పలాసకు, సోంపేటకు, ఇచ్ఛాపురానికి మనియార్డర్లు కట్టేవారి వరుసలు. ఆ డబ్బు లెక్కించి పంపిన గుమాస్తా, ఆర్.ఎం.ఎస్. బండిలో రాత్రంతా నిలబడి ఉత్తరాలు వేరుచేసిన సార్టరు, ఊరి గుమ్మంలో ఆ డబ్బు చేతికిచ్చిన పోస్టుమాను, వీరందరూ ఈ కథలో భాగస్వాములు.

వివిధ భాషలవారిని ఒకచోట చేర్చితే వారు ఏకం కాలేరని యాజమాన్యం తలచిందేమో! 1927 దానికి జవాబు చెప్పింది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో సమ్మె, సెప్టెంబరులో వర్క్‌షాపు కార్మికుల తొలగింపు ప్రకటన, దాని వెంట నెలల తరబడి లాకౌటు. బరంపురంలో పుట్టిన మన తెలుగువాడు వి.వి. గిరి ఆ కార్మికుల నాయకులలో అగ్రగణ్యుడు. ఆకలిని ఓర్చుకొని నిలిచినది మాత్రం పేరు తెలియని వేలాది కుటుంబాలు. పని పోతే ఇల్లూ పోతుందని తెలిసి కూడా వారు నిలిచారు.

యజమానే ఇంటి యజమాని కూడా అయినచోట ఏమి జరుగుతుందో అమెరికా కార్మికులు మనకంటె ముందే చవిచూశారు. స్లీపరు పెట్టెలు తయారుచేసే పుల్‌మన్ కంపెనీ 1880 తర్వాత షికాగో పక్కన తన పేరుతోనే ఊరు కట్టించింది. 1893 ఆర్థిక మాంద్యంలో జీతాలు కోసింది, ఇంటి అద్దెలు మాత్రం తగ్గించలేదు. 1894లో సమ్మె, యూజీన్ డెబ్స్ నాయకత్వంలో రైల్వే కార్మికులు పుల్‌మన్ పెట్టెలున్న బండ్లను ముట్టబోమన్నారు. తపాలా రవాణాకు అంతరాయం కలుగుతున్నదన్న సాకుతో ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. తపాలా సోదరులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. వారి చేతి సంచిని మరొక కార్మికుని మీదికి కర్రగా వాడుకున్నారు. సమ్మె ఓడింది, డెబ్స్ జైలుకు వెళ్లాడు. అయినా 1898లో ఇలినాయ్ సుప్రీంకోర్టు, కర్మాగారానికి అవసరం లేని ఇళ్లను, స్థలాలను కంపెనీ వదులుకోవాలని తీర్పు చెప్పింది. మన ఖరగ్‌పూర్‌కు పునాది పడుతున్న రోజులే అవి.

ఇక్కడ మాత్రం కంపెనీ పోయి 1944లో ప్రభుత్వం వచ్చినా, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినా, ఇంటి తాళంచెవి యజమాని జేబులోనే మిగిలింది. 1974 మే 8న మొదలై 27న విరమింపబడిన అఖిల భారత సమ్మెలో దేశమంతటా రైల్వే కాలనీలలో క్వార్టర్ల నుంచి వెళ్లగొడతామన్న బెదిరింపు లాఠీతో సమానంగా పనిచేసింది. ఎందరో ఆడవాళ్లు, పిల్లలు నిజంగానే వీధిన పడ్డారు. నాడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆ గిరిగారే. ఈ సంగతిని తలచుకున్నప్పుడల్లా మా మనస్సు చివుక్కుమంటుంది.

ఇక నేటి పరిస్థితి. విరమణ చేసిన ఉద్యోగికి మామూలు అద్దె మీద నాలుగు నెలల గడువు. అనుమతించిన గడువంతా దాటినా ఖాళీ చేయకపోతే జరిమానా అద్దె, గ్రాట్యుటీకి ఆటంకం. సొంత ఊరిలో భూమి ఏనాడో చేజారింది. మూడవ తరానికి ఆ ఊరి దారి కూడా తెలియదు. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడి వాల్తేరు డివిజను అందులోకి పోయిన తర్వాత, ఖరగ్‌పూర్ తెలుగు ఉద్యోగికి విశాఖ వేరే జోను. స్వంత కోరికపై బదిలీ కావాలంటే సీనియారిటీ వదులుకొని అడుగున చేరాలి. ఇటు ఉండడానికి ఇల్లు లేదు, అటు పోవడానికి దారి ఇరుకు.

క్వార్టర్లు సర్వీసులో ఉన్నవారికే చెందాలనే వాదనలో న్యాయం ఉన్నది. కొత్తగా చేరిన కుర్రవాడు అద్దె కొంపలో అవస్థపడాలని మేము కోరము. అందుచేత విరమణ చేసినవారిని క్వార్టర్లలోనే ఉంచమని మేము అడగడం లేదు. ఖాళీ రైల్వే భూములను వాణిజ్య అవసరాలకు దీర్ఘకాలిక లీజుకు ఇవ్వడానికి ప్రత్యేక సంస్థనే నెలకొల్పిన ప్రభుత్వం, ఆ భూమిలో కొంత భాగాన్ని ఉద్యోగుల గృహనిర్మాణ సహకార సంఘాలకు అదే విధంగా ఎందుకు ఇవ్వరాదు? బజారుకు పనికివచ్చే స్థలం బాయిలరు పనివానికి పనికిరాదా? దీనితోపాటు తెలుగు బడులకు ఉపాధ్యాయులు, పాఠ్యపుస్తకాలు కావాలి. అధికార భాష అన్న మాటకు తరగతి గదిలో అర్థం దొరకకపోతే కాగితం మీది అర్థం ఎన్నాళ్లు నిలుస్తుంది? సంఘాలు ఇంతవరకు ఇళ్లను, బడులను సంక్షేమం పద్దులో చివరి అంశంగా ఉంచాయి. బోనసు, పింఛను పక్కన వీటిని కోర్కెల పత్రంలో చేర్చాలి.

ఖరగ్‌పూర్‌తోపాటు వాల్తేరు, కాజీపేట, గుంతకల్లు మొదలైన కాలనీలలో రాబోయే అయిదు సంవత్సరాలలో విరమణ చేయనున్న, సొంత ఇల్లు లేని సభ్యుల జాబితాను శాఖా కార్యదర్శులు తయారుచేసి పంపవలెనని కోరుతున్నాము. తపాలా శాఖలు కూడా తమ క్వార్టర్లలో ఉన్నవారి వివరాలను జతపరచగలరు.