ఆకుపచ్చ సిరా కోసం అగచాట్లు

పిల్లల చదువులకు, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టే రోజులు వచ్చాయంటే పల్లెల్లో తల్లిదండ్రులకు రెండు దిగుళ్లు. ఒకటి ఫీజు. రెండోది సంతకం. మార్కుల జాబితాకు, కుల, ఆదాయ ధ్రువపత్రాలకు జిరాక్సులు తీయించి, అవి అసలుకు సరైన నకళ్లేనని గెజిటెడ్ అధికారి చేత ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టించుకు రమ్మని కొన్నిచోట్ల ఇప్పటికీ తిప్పి పంపుతున్నారు. ఊళ్లో అలాంటి అధికారి ఉండడు. బస్సెక్కి మండల కేంద్రానికి వెళితే డాక్టరు గారికి రోగులతో తీరిక ఉండదు. మరో అధికారి మీటింగులో ఉంటారు. ఇంకొకరు "నువ్వెవరో నాకు తెలియదు" అంటారు. సాయంత్రానికి పని అయినా కాకపోయినా ఆనాటి కూలి పోయినట్టే.

ఈ తిప్పలు చాలా సందర్భాల్లో అక్కరలేనివి. దరఖాస్తుదారు తన నకళ్లపై తానే సంతకం చేస్తే చాలునని, అసలు పత్రాలను చివరి దశలో చూస్తే సరిపోతుందని కేంద్ర ప్రభుత్వం 2013లోనే తన శాఖలకు సూచించింది. 2014లో మళ్లీ గుర్తు చేసింది. ఎలాగూ అసలు కాగితం చూడనిదే సీటూ ఇవ్వరు, ఉద్యోగమూ ఇవ్వరు. అలాంటప్పుడు మధ్యలో మరొకరి సంతకం దేనికి? చట్టమో, నిబంధనో ప్రత్యేకంగా అడిగిన చోట తప్ప ఈ పాత అలవాటును వదిలిపెట్టవలసిందే.

ప్రమాణ పత్రం, అంటే అఫిడవిట్ సంగతి వేరు. నకలు మీద సంతకం కాగితాన్ని గురించి చెబుతుంది. అఫిడవిట్ మనిషి మాటకే పూచీ. ఒక కాగితంలో వెంకయ్య, మరో కాగితంలో వెంకటయ్య అని పడితే ఇద్దరూ ఒకరేనని ప్రమాణం చేయవలసి వస్తుంది. సివిలు కోర్టు వ్యవహారాల్లో ఈ ప్రమాణం చేయించే అధికారం న్యాయస్థానాలకు, మేజిస్ట్రేట్లకు, 1952 చట్టం కింద నియమితులైన నోటరీలకు, హైకోర్టు తదితరులు నియమించిన అధికారులకు ఉంది.

కాని జరుగుతున్నదేమిటి? చెట్టు కింద బల్ల మీద ముందే టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంటుంది. చూపిన చోట వేలిముద్ర వేయడమే. ప్రమాణం చేయించవలసిన వారి ముఖం కూడా చూడకుండా ముద్ర పడిపోతుంది. అందులో ఏముందో వేసినవారికి తెలియదు. పింఛను కోసమనుకుని వేలిముద్ర వేసిన అవ్వ, తండ్రి భూమిలో తనకు హక్కు లేదని రాసిచ్చి ఉండవచ్చు. తరువాత "చదవలేదు" అంటే నిరూపించుకోవడం తేలిక కాదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం న్యాయస్థాన వ్యవహారంలో తెలిసి అబద్ధపు సాక్ష్యమిస్తే ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు.

అందుచేత పాఠకులకు మా మనవి ఒకటే. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయవద్దు. చదువు రాకపోతే కాగితమంతా పైకి చదివించుకుని వినండి, వీలైతే చదువుకున్న మనవడినో మనవరాలినో వెంట తీసుకువెళ్లండి. నోటరీ ఎదుటే సంతకం చేయండి. ఫీజుల పట్టికను నోటరీ తన కార్యాలయం లోపలా బయటా కనిపించేలా పెట్టాలని, తీసుకున్న సొమ్ముకు రసీదు ఇవ్వాలని 1956 నిబంధనలు చెబుతున్నాయి. అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

అధికారులు చేయవలసింది కూడా పెద్ద పనేమీ కాదు. ఏ దరఖాస్తుకు సొంత సంతకం చాలునో, దేనికి అఫిడవిట్ కావాలో తెలుగులో రాసి ప్రతి మండల కార్యాలయం ముందు బోర్డు పెట్టించాలి. దానికి ఒక డబ్బా రంగు, ఒక పూట పని చాలు. అక్కరలేని సంతకం అడగడం మానితే, అవసరమైన ప్రమాణానికి తగిన విలువ దక్కుతుంది. జిల్లా యంత్రాంగం ఆ పూట కేటాయిస్తుందా?