చనిపోతే డబ్బులిస్తారు.. బతికించుకుంటే?

తోతాపురి లారీలు జ్యూస్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరే జూన్ నెల అది. మేం తిని పక్కన పెట్టిన మామిడి టెంకను మా లాబ్రడార్ జూలీ గుటుక్కున మింగేసింది. ఎవరం చూడలేదు. మర్నాటి నుంచి ఒకటే వాంతులు. పెరుగన్నం పెట్టినా ముట్టలేదు. అరక్క ఉంటుందిలే అనుకున్నాం. మూడో రోజు అది లేవలేకపోయేసరికి తిరుపతిలోనే ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. స్కాన్ చూసి ఆయన, "పేగుకు అడ్డం పడింది సార్. ఈ రాత్రికే ఆపరేషన్ చేయాలి. ఆలస్యమైతే పేగు కుళ్లిపోతుంది" అన్నారు.

"చేసేయండి సార్, దీనికి ఇన్సూరెన్స్ ఉంది" అన్నాను ధీమాగా.

ఆపరేషన్ అయింది. జూలీ బతికింది. స్కాన్లు, సెలైన్లు, మందులు అన్నీ కలిపి బిల్లు 32 వేలు దాటింది. బీమా సంస్థకు ఫోన్ చేశాక అసలు సంగతి తెలిసింది. నేను తీసుకున్న పాలసీ కుక్క చనిపోతేనే డబ్బు ఇస్తుంది. చికిత్స ఖర్చు అందులో లేనే లేదు. తప్పు వాళ్లది కాదు. ప్రీమియం తక్కువని మురిసిపోయి, కాగితాలు చదవకుండా సంతకం పెట్టిన నాదే.

"అంటే నాన్నా, జూలీ చచ్చిపోయుంటే డబ్బులొచ్చేవా?" అని మా అమ్మాయి అడిగింది. నాకు నోట మాట రాలేదు. మీ ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న అడిగే పరిస్థితి రాకూడదనే ఇదంతా చెబుతున్నాను.

ఆవు లెక్క వేరు

నిజానికి మన చిత్తూరు ప్రాంతానికి పశువుల బీమా కొత్తేమీ కాదు. పాడి మీద బతికే ఊళ్లు మనవి. ఆవు చెవికి ట్యాగు వేయించడం, అది చనిపోతే పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించడం, క్లెయిముకు కాగితాలు పెట్టడం రైతులందరికీ తెలుసు. 'ట్యాగు లేకపోతే క్లెయిము లేదు' అన్న మాట కూడా తెలుసు. ఆ బీమా ఉద్దేశం, ఆవు పోతే ఇంకో ఆవును కొనుక్కోవడం. జీవనాధారం కాబట్టి అది సబబే.

మనలో చాలామంది అదే లెక్కను కుక్కకూ, పిల్లికీ వేస్తాం. కానీ ఇంట్లో పిల్లలతో పాటు పెరిగినదాన్ని పోగొట్టుకుని, ఆ డబ్బుతో ఇంకోటి తెచ్చుకుందామని ఎవరం అనుకోం. మనకు కావలసింది అది బతకడం. కాబట్టి పాలసీలను పోల్చేటప్పుడు మొదట చూడాల్సింది చనిపోతే ఎంత ఇస్తారన్నది కాదు, ఆపరేషన్‌కూ ఆసుపత్రిలో ఉంచడానికీ ఎంత ఇస్తారన్నది. ఆ భాగం లేని పాలసీ ఎంత చవకగా వచ్చినా నా దృష్టిలో దండగే.

ఇప్పుడు ఎంచుకునే వీలుంది. ప్రభుత్వరంగ న్యూ ఇండియా అస్యూరెన్స్ కుక్కలకు పాలసీ ఇస్తోంది. బజాజ్ అలియాంజ్ 2020లో కుక్కల కోసం ఆరోగ్య పాలసీ తెచ్చింది, తర్వాత పిల్లులకూ తెచ్చింది. హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో వారి 'పాస్ ఎన్ క్లాస్' రెండింటికీ వర్తిస్తుంది. జాతి కుక్కలకే కాదు, నాటు కుక్కలకూ పాలసీ ఇచ్చే సంస్థలున్నాయి. పిల్లిని పెంచేవాళ్లు మాత్రం 'పెట్' అన్న మాట చూసి మోసపోకుండా, పిల్లికి వర్తిస్తుందో లేదో ముందే అడగాలి.

ఈ ఐదూ అడగండి

ఒకటి, వయసు. బీమా చిన్నప్పుడే తీసుకోవాలి. జాతిని, శరీర పరిమాణాన్ని బట్టి కొన్నేళ్లు దాటాక కొత్త పాలసీ ఇవ్వరు. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులకు ఆ గడువు ఇంకా తక్కువ.

రెండు, మినహాయింపులు. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు సాధారణంగా డబ్బు రాదు. జాతితో వచ్చే జబ్బుల సంగతి విడిగా అడగండి. లాబ్రడార్‌కు తుంటి కీలు సమస్య, పగ్‌కు ఊపిరి సమస్య, పర్షియన్ పిల్లికి కిడ్నీలో నీటి తిత్తులు.. మీ ఇంట్లో ఉన్న జాతికి ఎక్కువగా వచ్చే జబ్బే మినహాయింపుల్లో ఉంటే ఆ పాలసీ ఎందుకు?

మూడు, నిరీక్షణ కాలం. పాలసీ తీసుకున్న మర్నాటి నుంచే అన్నీ వర్తించవు. ఏ జబ్బుకు ఎన్ని రోజులు ఆగాలో చూసుకోండి.

నాలుగు, చేతికొచ్చేది ఎంత? ఉదాహరణకు బిల్లు 30 వేలు, అందులో 20 శాతం మీరే భరించాలి అనుకుందాం. 24 వేలు వస్తుందని ఆశ పడతాం. కానీ ఒక్కో ఆపరేషన్‌కు 15 వేలే అన్న పరిమితి ఉంటే వచ్చేది 15 వేలే. పైగా చాలాచోట్ల ముందు మనమే కట్టి, తర్వాత తెచ్చుకోవాలి. అందుకని ఆ రాత్రికి చేతిలో డబ్బు ఉండాల్సిందే.

ఐదు, ఎదుటివారికి నష్టం. మీ కుక్క పక్కింటి పిల్లాడిని కరిస్తే అయ్యే పరిహారం ఖర్చు కొన్ని పాలసీల్లో ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఇది ముఖ్యం. అయితే జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. ఆ బాధ్యత మాత్రం ఏ పాలసీ కూడా మోయదు.

అందరికీ అవసరమా?

అవసరం లేదనే అంటాను. ఖరీదైన వైద్యం పడే జాతి కుక్కపిల్లనో, పిల్లికూననో ఇప్పుడే తెచ్చుకున్నవారికి చికిత్స ఖర్చు ఇచ్చే పాలసీ మంచిదే. వయసు పైబడిన దానికి, ఇంట్లో తిరిగే నాటు పిల్లికి అంత ప్రీమియం కట్టే బదులు నెలకు 500 విడిగా దాచండి. ఐదేళ్లలో 30 వేలు అవుతుంది. పైగా తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. ఇప్పుడది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడి బోధనాసుపత్రిలో చిన్న జంతువులకూ వైద్యం చేస్తారు. మనుషుల జబ్బులకు చిత్తూరు నుంచి వేలూరుకు పరుగెత్తే మనం, కుక్కకూ పిల్లికీ మాత్రం ఇంత దగ్గర్లో ఉన్నదాన్ని మరిచిపోతున్నాం.

పాలసీ ఉన్నా లేకపోయినా తప్పనివి రెండున్నాయి. మొదటిది టీకాలు. కుక్కకు పార్వో, డిస్టెంపర్ టీకాలు, కుక్కకూ పిల్లికీ రేబిస్ టీకా వేయించి కార్డు భద్రంగా దాచండి. టీకాతో ఆపగలిగే జబ్బు వచ్చినప్పుడు ఆ కార్డు లేకపోతే క్లెయిము తిరస్కరించే సంస్థలున్నాయి. ఆవుకు చెవి ట్యాగు ఎలాగో, కుక్కకు టీకా కార్డు అలాగ. రెండోది, పిల్లలు వద్దనుకుంటే సంతాన నియంత్రణ ఆపరేషన్. ఆడ కుక్కల్లో గర్భసంచికి చీము పట్టే ప్రమాదాన్ని అది తప్పిస్తుంది.

ఇప్పటికే పాలసీ ఉన్నవారు ఈ రోజే ఆ కాగితాలు బయటికి తీసి, చికిత్స ఖర్చు గురించి ఏం రాశారో చదవండి. అర్థం కాకపోతే ఏజెంటును అడగండి. నోటి మాటగా కాదు, రాతపూర్వకంగా అడగండి.

జూలీకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. వయసు దాటిందని కొత్త పాలసీ ఎక్కడా ఇవ్వలేదు. దాని పేరు చెప్పి నెలనెలా పోస్టాఫీసులో ఐదొందలు వేస్తున్నాం. మామిడి టెంకలు మాత్రం ఇప్పుడు నేరుగా మూత ఉన్న బకెట్లోకే వెళ్తున్నాయి.