మాత్ర ఒక్కటే చాలదు

సంపాదకులకు,

హెచ్ఐవీ మందులు ఉచితం, ఇక దిగులెందుకన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. 2004 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందుల చికిత్స) ఉచితమే. క్రమం తప్పకుండా వాడడంతో వైరస్ పరీక్షలో కనిపించనంత తగ్గితే, లైంగికంగా మరొకరికి సోకదు కూడా. కానీ మా ఇబ్రహీంపట్నం లాంటి ఊళ్లో హెచ్ఐవీ ఉన్న గే, బైసెక్సువల్ మగవాళ్లు రెండు రహస్యాలు మోయాలి. తెలిసినవాళ్లు చూస్తారేమోనని మందులకు సాగర్ రోడ్డు పట్టి హైదరాబాద్ పోవాలి. ఇంటికొస్తే పెళ్లెప్పుడన్న ప్రశ్న. ఆ ఒత్తిడిలోనే మాత్రలు తప్పుతాయి.

2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 నుంచి విముక్తినిచ్చింది. గోప్యత హక్కునిచ్చే హెచ్ఐవీ చట్టమూ ఆ నెలలోనే అమలైంది. చట్టం మారినా ఆ ఒత్తిడి పోలేదు. అందుకే ఏఆర్‌టీ కేంద్రాల కౌన్సెలర్లు మాత్రలు లెక్కపెట్టడంతో ఆగొద్దు. నిద్ర పడుతోందా, మనసు విప్పేందుకు ఎవరైనా ఉన్నారా అని అడగాలి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మీ వ్యాసంలో ఆ నంబరైనా ఉండాల్సింది.

– ఒక పాఠకుడు, ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా