ముగ్గు వేసే చేతికి ఇదో పని

పాత గుడి దగ్గర ఆగి చూస్తాం గానీ, మన కాలంలో కట్టిన సిమెంటు భవనాన్ని ఎప్పుడైనా నిదానంగా చూశారా?

ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో 1972లో ‘హాల్ ఆఫ్ నేషన్స్’ కట్టారు. ఆర్కిటెక్ట్ రాజ్ రేవల్, ఇంజనీరు మహేంద్ర రాజ్. లోపల ఒక్క స్తంభం లేదు! అంతా కాంక్రీటు త్రికోణాల అల్లికే. అరవై ఏళ్ళు నిండలేదు కనుక వారసత్వ కట్టడం కాదన్నారు. 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రే కూల్చేశారు.

దాని ఫొటో ముందు పెట్టుకుని పెన్సిలుతో గీసి చూడండి. మొదట చుక్కల ముగ్గే అనిపిస్తుంది. నీడలు దిద్దుతుంటే అసలు కిటుకు తెలిసింది నాకు: కప్పును మోసే ఆ అల్లికే ఎండనూ ఆపుతోంది, మన జాలీ కిటికీలాగా!

మీ ఊరి పాత సినిమా హాలు, బస్టాండు ఉన్నాయిగా? వాటినీ గీయండి. కింద తేదీ వేయడం మరచిపోకండేం!