ముందు కారణం, పిదప పరిష్కారం

1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి ఇంగ్లీషులో ఒక ఫిర్యాదు వ్రాశాడు. పనసపండు తిని కడుపు ఉబ్బిందనీ, అహమ్మద్‌పూర్ స్టేషనులో దిగి మరుగుదొడ్డికి వెళ్లగా గార్డు ఈల ఊదాడనీ, ఒక చేత చెంబు, మరొక చేత ధోవతి పట్టుకొని పరుగెత్తి, ప్లాట్‌ఫారంపై స్త్రీ పురుషుల ఎదుట పడి నగుబాటు పాలైనాననీ, రైలు వెళ్లిపోయిందనీ మొరపెట్టుకున్నాడు. గార్డుకు భారీ జరిమానా విధించాలని కోరాడు.

ఆ ఉత్తరంలో వ్యాకరణ దోషాలు కొల్లలు. అయినా విషయం ఎక్కడా తికమకపడదు. పరిస్థితి, సమస్య, దాని ఫలితం, కోరిక వరుస తప్పకుండా సాగాయి. సమస్యను వివరించి పరిష్కారం సూచించే ఇంగ్లీషు వ్యాసరచన నేర్పే ఉపాధ్యాయుడికి ఇది చక్కని నమూనా.

అయితే ఇందులో ఒక మెట్టు లోపించింది. అది కారణం. గార్డును శిక్షిస్తే మరునాటి ప్రయాణికుడి అవస్థ తీరుతుందా? అసలు లోపం పెట్టెలో మరుగుదొడ్డి లేకపోవడం. విద్యార్థుల వ్యాసాలు సైతం తరచు ఇక్కడే దారి తప్పి, "ప్రభుత్వం కఠిన చర్యలు తీసుకోవాలి" అన్న వాక్యంతో ముగుస్తాయి. కాబట్టి పరిష్కారానికి ముందు, "ఇలా ఎందుకు జరిగింది?" అన్న ప్రశ్నకు ఒక పేరా వ్రాయించాలి. సూచించిన పరిష్కారం ఆ కారణాన్ని తొలగిస్తుందో లేదో చివరి పేరాలో విద్యార్థి చేతనే తూచి చెప్పించాలి.

దిగువ తరగతి పెట్టెలలో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని చెప్పుకుంటారు. అదే నిజమైతే, సేన్ వ్రాయని పేరాను చదివిన అధికారి పూరించుకున్నాడన్నమాట. ప్రతి ఉత్తరానికీ అటువంటి పాఠకుడు దొరకడు.