వేరు మనల్ని మోస్తోంది

పాత నిబంధన యూదులది, కొత్త నిబంధన మనది అన్న అభిప్రాయం మన సంఘాల్లో బలంగా నాటుకుపోయింది. కీర్తనల గ్రంథాన్ని మాత్రం వదులుకోం, అది వేరే సంగతి! దేవుడు ఇశ్రాయేలును తోసివేసి ఆ స్థానంలో సంఘాన్ని కూర్చోబెట్టాడని కూడా తేలిగ్గా అనేస్తుంటాం.

అసలు 'కొత్త నిబంధన' అన్న మాట ఎక్కడిది? యిర్మీయా ప్రవక్తది. యెరూషలేము పతనమవుతున్న కాలంలో దేవుడు ఆ వాగ్దానం చేసింది ఇశ్రాయేలు వారితో, యూదా వారితో (యిర్మీయా 31:31). పస్కా బల్ల దగ్గర ప్రభువు గిన్నె పట్టుకుని ఆ మాట పలికినప్పుడు ఎదుట ఉన్న శిష్యులంతా యూదులే. పెంతెకొస్తు తర్వాత కూడా పేతురు, యోహానులు ప్రార్థనవేళకు దేవాలయానికే వెళ్లారు (అపొ.కా. 3:1). తాము మతం మారామని వాళ్లు అనుకోలేదు. పితరులకిచ్చిన మాటను దేవుడు నెరవేర్చాడనుకున్నారు.

చిక్కల్లా అన్యజనులు రావడంతో మొదలైంది. సున్నతి లేకుండా వాళ్లను చేర్చుకోవచ్చా? క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలు కూడి దీన్నే తర్కించారు. యాకోబు ఆమోసు ప్రవచనాన్ని ఎత్తి చూపాడు. దేవుడు పడిపోయిన దావీదు గుడారాన్నే తిరిగి కడుతున్నాడు, అందులో అన్యజనులకూ చోటుంది. పక్కన మరో గుడారం వేస్తున్నాడని ఆయన అనలేదు. సున్నతి భారం మనమీద పడలేదు, అయినా ఇల్లు మాత్రం పాతదే.

పౌలు ఒలీవ చెట్టు ఉపమానం ఇంకా సూటిగా ఉంటుంది (రోమా 11). మన మామిడి తోటల్లో నాటు మొక్కకు మేలు రకం కొమ్మను అంటుకడతారు. పౌలు చెప్పింది దీనికి తలకిందులు. మంచి చెట్టుకు అడవి కొమ్మను అంటుకట్టాడు దేవుడు! ఇది స్వభావ విరుద్ధమని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ అడవి కొమ్మలం మనమే. వేరును మనం మోయడం లేదు, అదే మనల్ని మోస్తోంది.

ఇది నేటి ఇశ్రాయేలు దేశ రాజకీయాలను సమర్థించే మాట కాదు. ప్రశ్న దేవుని నమ్మకత్వం గురించి. అబ్రాహాముతో ప్రమాణం చేసినవాడు ఆ సంతానాన్ని కాదనగలిగితే, నిన్నగాక మొన్న చేరిన మనల్ని కాదనడానికి ఎంతసేపు? దేవుడు తన పిలుపు విషయంలో పశ్చాత్తాపపడడని పౌలు రాసింది ఇశ్రాయేలును గురించే (రోమా 11:29). మన రక్షణ నిశ్చయత కూడా ఆ మాట మీదే నిలబడి ఉంది.

రెండో శతాబ్దంలో మార్సియన్ అనే సంపన్నుడు పాత నిబంధన మొత్తాన్ని తీసేయాలన్నాడు. అంతటితో ఆగలేకపోయాడు. నాలుగు సువార్తల్లో లూకా ఒక్కటే ఉంచుకుని, అందులోనూ కత్తెర వేశాడు. క్రీ.శ. 144లో రోమా సంఘం అతణ్ని వెలివేసింది. అతడు కానుకగా ఇచ్చిన రెండు లక్షల సెస్టర్సుల సొమ్మునూ తిరిగి ఇచ్చేసింది.